కొత్త ఆరాధన పాటను సంఘం ఎందుకు అందుకోవడం లేదు?

తమ్ముడూ, వందనాలు. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కందుకూరు దగ్గర మీ సంఘం, ఆదివారం నూట ఇరవై మంది దాకా వస్తారు. యూట్యూబ్‌లో విన్న ఒక కొత్త ఆరాధన పాటను మీ యువకులు మూడు వారాలు కూర్చుని నేర్చుకున్నారు. కీబోర్డు, గిటారు, డ్రమ్ ప్యాడ్స్ అన్నీ బాగా కుదిరాయి. తీరా ఆదివారం పాడితే సంఘం నోరు మెదపకుండా నిలబడి చూసింది. చివరికి ఒక పెద్దాయన "సినిమా పాటలా ఉంది" అని వెళ్లిపోయారు. పాట మంచిది కాదా, మా పాడటంలో లోపం ఉందా, లేక సంఘమే మారాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. పాట మంచిదే అయి ఉంటుంది. మీరూ బాగానే పాడి ఉంటారు. కానీ మీరు పాడారు, పాడించలేదు. ఆ రెండూ వేర్వేరు పనులు, రెండోదానికి మీరు సాధన చేయలేదు. రికార్డింగులో ఉన్న స్కేల్‌ను (అంటే పాట ఎత్తుకునే శ్రుతిని) రెండు మూడు మెట్లు దించండి. మొదటి రెండు వారాలు సంఘానికి పల్లవి మాత్రమే ఇవ్వండి. వీటన్నిటికంటే ముందు, ఆ పాటలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మీరు తెలుసుకోండి. ఈ మూడూ చేస్తే నెల తిరిగేసరికి అదే పాటను అదే సంఘం పాడుతుంది. ఆ పెద్దాయన కూడా పాడతారు, బహుశా తాళం కాస్త ముందుకు తోస్తూ.

నేను ఒంగోలులో ఇరవై ఆరేళ్లుగా క్వయర్ నడుపుతున్నాను. వృత్తికి బడిపంతులమ్మను. సంగీతం కొంత మా నాన్నగారి హార్మోనియం పక్కన కూర్చుని, మిగతాది తప్పులు చేసి నేర్చుకున్నాను. పెద్ద తప్పు ఒకటి ముందే ఒప్పుకుంటాను.

కొన్నేళ్ల క్రితం ఒక క్రిస్మస్ ఆరాధనను మా పిల్లలు మిక్సర్ నుంచి నేరుగా రికార్డు చేశారు. ఇంటికి వచ్చి విని ఎంతో మురిసిపోయాం. నా గొంతు, ఇద్దరు అమ్మాయిల వంత, కీబోర్డు, అన్నీ కడిగిన ముత్యాల్లా వినిపించాయి. రెండు రోజుల తర్వాత, వెనక వరుసలో కూర్చునే ఒకాయన ఊరికి దూరంగా ఉన్న కూతురికి పంపడానికి ఫోనులో తీసిన వీడియో చూపించారు. అదే పాట, అదే రోజు. దాంట్లో దూరంగా నా గొంతు, దగ్గరగా ఫ్యాను చప్పుడు, ఎవరి పిల్లవాడో ఏడుస్తున్న చప్పుడు ఉన్నాయి. సంఘం గొంతు మాత్రం లేదు. మూడు వందల మంది నిలబడి ఉన్నారు, ఒక్కరి గొంతూ వినిపించలేదు. ఆ రోజు నుంచి నేను మిక్సర్ రికార్డింగు వినడం మానేశాను. నెలకొకసారి వెనక వరుసలో కిటికీ దగ్గర ఎవరి ఫోనైనా పెట్టించి వింటాను. మీరు కూడా వచ్చే ఆదివారం ఈ పని చేయండి. నా సలహాల్లో సగం ఆ రికార్డింగే మీకు చెప్పేస్తుంది.

ఇప్పుడు పాటను అర్థం చేసుకోవడం సంగతి. పాట ఎంచుకున్న రోజే కీబోర్డు దగ్గరికి పరుగెత్తకండి. సాహిత్యాన్ని ఒక కాగితం మీద చేత్తో రాసి, రాగం లేకుండా పైకి చదవండి. మీ ఇంట్లో అమ్మమ్మో, నానమ్మో ఉంటే ఆమెకు చదివి వినిపించండి. ఎక్కడ ఆమె "అంటే?" అని అడుగుతుందో అక్కడ సంఘం కూడా తడబడుతుంది. మా క్వయర్‌లో కొత్త పాట మొదలుపెట్టిన వారం రాగం అసలు ఎత్తుకోం, చదువుతాం అంతే. పిల్లలకు విసుగు. నాకు ఆ విసుగు అలవాటైపోయింది.

చదివేటప్పుడు చూడవలసిన మొదటి సంగతి, ఈ పాట దేవునితో మాట్లాడుతోందా, దేవుని గురించి మాట్లాడుతోందా అనేది. చాలా పాటల్లో ఇది మధ్యలో మారుతుంది. 23వ కీర్తన చూడండి. కాపరి, పచ్చిక, నీళ్లు అన్నంత సేపు "ఆయన" అనే ఉంటుంది. నాలుగో వచనంలో చీకటి లోయ రాగానే "నీవు" అయిపోతుంది. అంతవరకు పదిమందికి సాక్ష్యం చెబుతున్న మనిషి, భయం వేసిన చోట అటు తిరిగి నేరుగా ఆయనతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈ మలుపు తెలిసిన గొంతు అక్కడ దానంతటదే మెత్తబడుతుంది. తెలియని గొంతు అక్కడ డ్రమ్స్ పెంచుతుంది.

మీరు పాడిన పాటలో కూడా ఇలాంటి చోటు ఉందేమో వెతకండి. చరణాలు "ఆయన చేశాడు" అని, పల్లవి "నీకే స్తుతి" అని ఉంటే, చరణం పాడేటప్పుడు మీ చూపు సంఘం మీద ఉండాలి. పల్లవికి మీ గొంతు ప్రార్థనలా మారాలి. సంఘం దీన్ని చూసి నేర్చుకుంటుంది, ఎవరూ వివరించనక్కరలేదు. ఇక "నేను", "మేము" తేడా. "నేను" అని సాగే పాట ఇంటి ప్రార్థనలో, ఉపవాస కూడికలో ఎంతో చక్కగా నిలుస్తుంది. ఆదివారం ఆరాధన మొదట్లోనే ఆ పాట ఎత్తుకుంటే ఒక్కొక్కరూ ఒక్కో గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నట్టు అవుతుంది. అలాంటి పాట వద్దని కాదు, మొదటి పాటగా పెట్టకండి.

తర్వాత, పాట ఏ వాక్యం మీద నిలబడి ఉందో ఒక్క మాటలో చెప్పగలగాలి. "ఎబెనెజరు" అన్న మాట మన ప్రాంతంలో ఎంతమందికి పేరుగా ఉందో, ఎన్ని మందిరాల బోర్డుల మీద ఉందో మీకు తెలుసు. ఆ మాట ఉన్న పాట ఒకటి నేర్పుతూ, అర్థం చెప్పమని అడిగితే మా క్వయర్‌లోనే నలుగురు తలలు దించారు. అందులో ఒకతని ఇంటిపేరు పక్కన ఆ పేరే ఉంది! సమూయేలు మిస్పాకు, షేనుకు మధ్య ఒక రాయి నిలిపి, ఇంతదాకా దేవుడు సహాయం చేశాడని దానికి పెట్టిన పేరు అది. మొదటి సమూయేలు ఏడో అధ్యాయంలో ఉంది. పాటకు ముందు ఈ ఒక్క వాక్యం చెప్పాను, అర నిమిషం కూడా పట్టలేదు. ఆ వారం పల్లవి ఎంత గట్టిగా వచ్చిందో! ఎవరికి వారికి తమ రాయి గుర్తొచ్చి ఉంటుంది.

మీరు ఎంచుకున్న పాట ఇంగ్లీషు నుంచో, హిందీ నుంచో తెచ్చుకున్నది అయితే ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషులో ఒక అక్షరంతో ముగిసే మాటకు తెలుగులో మూడు నాలుగు అక్షరాలు పడతాయి. రాగం మాత్రం అదే. అందుకని అనువాదకులు కొన్ని చోట్ల మాటలు కుక్కుతారు, కొన్ని చోట్ల ఒక హ్రస్వాన్ని పట్టుకుని లాగుతారు. తెలుగులో హ్రస్వం సాగదీస్తే మాటే మారిపోతుంది. "పదము" పాదమవుతుంది. ఒకసారి మేము "నీ వరము" అన్న చోట "వ" మీద రెండు మాత్రలు నిలిపాం. సంఘం "నీ వారము" అని పాడింది. మేము నీవాళ్లం అని! అర్థం మారినా దోషం లేదని పాస్టర్ గారు నవ్వి ఊరుకున్నారు. అన్నిసార్లూ అంత అదృష్టం ఉండదు. దీర్ఘ స్వరం మీద దీర్ఘాక్షరం పడేలా మాటను సర్దుకోండి, లేదా ఆ స్వరాన్ని కుదించండి. రాసినవారు మీకు అందుబాటులో ఉంటే అడిగి మార్చండి. లేకపోతే స్వరాన్నే మార్చుకోండి, మాట జోలికి పోకండి.

ఇక శ్రుతి. నా అనుభవంలో, సంఘం పాడని పాటల్లో ఎక్కువ భాగం ఇక్కడే పడిపోతాయి. యూట్యూబ్‌లో వినిపించే గాయకులు రోజూ సాధన చేసేవాళ్లు. ఆ స్కేల్ వాళ్ల గొంతు మెరిసే చోటు చూసి పెట్టుకున్నది. అందులోనూ ఈ కాలపు పాటల తీరు ఒకటుంది. చరణం కిందిస్థాయిలో మెల్లగా సాగుతుంది, పల్లవి పైకి లేస్తుంది, ఆ తర్వాత బ్రిడ్జ్ అని మన పిల్లలు పిలిచే భాగం వస్తుంది, అది ఇంకా పైకి వెళుతుంది. మీరు చరణం మొదటి స్వరం చూసుకుని "హాయిగా ఉంది" అనుకుంటారు. బ్రిడ్జ్ దగ్గరికి వచ్చేసరికి అరవై ఏళ్ల మనిషి నోరు మూసుకుంటాడు. ఒకసారి మూసుకున్న నోరు మళ్లీ ఆ పాటకు తెరుచుకోదు.

కాబట్టి పాటలో మొదటి స్వరం చూడకండి, అన్నిటికంటే పై స్వరం చూడండి. నేను పెట్టుకున్న హద్దు ఇది. స్త్రీలకు కీబోర్డు మీద నడిమి "సి" కింద ఉన్న "ఎ" నుంచి, ఆ "సి"కి పై స్థాయిలో ఉన్న "డి" దాకా. పురుషులు అదే ఒక స్థాయి కింద పాడతారు. ఒక్క స్వరం అలా తాకి వస్తే "ఇ" కూడా ఫరవాలేదు, అక్కడే నిలబడి నాలుగు మాటలు పలకమంటే మాత్రం కుదరదు. ఉదయం ఏడు గంటల ఆరాధన అయితే ఇంకో మెట్టు దించండి, అప్పటికి ఎవరి గొంతూ లేచి ఉండదు. మీ కీబోర్డు అబ్బాయికి ఆ స్కేల్ వాయించడం రాకపోతే శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, అందులో నామోషీ ఏమీ లేదు. ఆరాధన ముగియగానే దాన్ని సున్నాకు తేవడం మాత్రం మరచిపోవద్దు. మరచిపోయి తర్వాతి ఆదివారం గిటారు ఒక దారిన, కీబోర్డు ఒక దారిన వెళ్లిన చరిత్ర మాకు ఉంది.

స్కేల్ దించితే "పస తగ్గింది" అని మీ గాయకులు అంటారు. నిజమే, వాళ్ల గొంతుకు తగ్గుతుంది. సంఘం గొంతుకు పెరుగుతుంది. ఎవరి పస కావాలో పాస్టర్ గారితో కలిసి తేల్చుకోండి.

హార్మోనియం వాయించే పెద్దలు ఎవరైనా మీ సంఘంలో ఉంటే ఇంకో మాట. వాళ్లు శ్రుతిని అంకెల్లో చెబుతారు. ఒకటి అంటే "సి", రెండు అంటే "డి", నాలుగు అంటే "ఎఫ్", ఐదు అంటే "జి", ఆరు అంటే "ఎ". మా మందిరంలో ఒకసారి పెద్దాయన "నాలుగు శ్రుతిలో పెట్టండి" అంటారు, కుర్రవాడు "కాదండీ, ఎఫ్‌లోనే బాగుంటుంది" అంటాడు. ఇద్దరూ పది నిమిషాలు వాదించుకున్నారు. ఇద్దరూ అడుగుతున్నది ఒకటే శ్రుతి. ఈ పట్టిక ఒక కాగితం మీద రాసి కీబోర్డుకు అంటించండి. ఆ పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకోండి.

కాలాన్ని కూడా చూడాలి. మన జిల్లాలో డిసెంబరు నుంచి మార్చి దాకా పొగాకు పని. మగవాళ్లు రాత్రంతా ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మేలుకుంటారు, ఆడవాళ్లు పగలంతా ఆకు గ్రేడింగులో కూర్చుంటారు. ఆ దుమ్ముకు ఆదివారానికి గొంతులు బొంగురుపోయి ఉంటాయి. మా బంధువుల ఊరు టంగుటూరు వైపు. అక్కడి సంఘంలో జనవరిలో ఒక కొత్త పాట నేర్పబోయి నేను భంగపడ్డాను. వాళ్లు పాడలేదని మనసులో కాస్త కోపం కూడా వచ్చింది. ఆరాధన తర్వాత ఒక అక్క దగ్గుతూ వచ్చి "పాట బాగుందమ్మా, గొంతే రావడం లేదు" అన్నది. నేను సిగ్గుపడ్డాను. కొత్త పాటలకు నాకు తెలిసి మంచి కాలం జూన్ నుంచి సెప్టెంబరు. క్రిస్మస్ నెలలో మాత్రం కొత్తది మొదలుపెట్టకండి, తెలిసిన పాటలకే జనం ఎదురు చూస్తూ ఉంటారు.

నేర్పే పద్ధతికి వస్తాను. కొత్త పాటను మందిరంలో మొదలుపెట్టకండి. గృహ ప్రార్థనలో, కీబోర్డు లేకుండా, చాప మీద కూర్చుని మొదలుపెట్టండి. పదిహేను మంది ఉంటారు. పల్లవి ఒక్కటే ఎత్తుకోండి, రెండుసార్లు మీరు పాడి మూడోసారి ఆపేయండి. వాళ్లు అందుకుంటే ఆ పాట సంఘానికి పనికొస్తుంది. అందుకోలేదంటే రెండు కారణాలు. శ్రుతి తప్పు, లేదా ఆ పాట వాద్యాల మీద నిలబడిందే కానీ రాగం మీద నిలబడలేదు. రెండో రకం పాటలు ఈ మధ్య చాలానే వస్తున్నాయి. వినడానికి గొప్పగా ఉంటాయి, కరెంటు పోతే ఏమీ మిగలదు. వాటిని ఇంట్లో వినండి, ఆత్మీయంగా మేలు పొందండి, సంఘం మీద రుద్దకండి.

గృహ ప్రార్థనల్లో రెండు వారాలు తిరిగాక ఆ పల్లవి ఓ ముప్పై మందికి వచ్చేసి ఉంటుంది. మూడో ఆదివారం కానుకలు పట్టేటప్పుడు రాగం మాత్రం కీబోర్డు మీద మెల్లగా వాయించండి, ఎవరూ పాడవద్దు. నాలుగో ఆదివారం చరణాలు క్వయర్ పాడుతుంది, పల్లవికి సంఘం వంత పాడుతుంది. ఆ ముప్పై మందీ నాలుగు మూలలా కూర్చుని ఉంటారు కదా, పక్కవాళ్లు వాళ్ల గొంతు పట్టుకుని వస్తారు. వేదిక మీద మైకు పట్టుకున్న వాళ్ల కంటే పక్కన కూర్చున్న గొంతే మనిషికి ధైర్యం. ఐదో ఆదివారానికి మొదటి చరణం ఇవ్వండి. బ్రిడ్జ్ అవసరమైతే ఎప్పటికీ క్వయర్‌కే వదిలేయండి, అందులో తప్పేమీ లేదు.

చదవడం రానివాళ్లను మరచిపోకండి. స్క్రీన్ ఉంది కదా అని మనం అనుకుంటాం. మా సంఘంలో అక్షరాలు రానివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లే అందరికంటే గట్టిగా పాడతారు. వాళ్ల కోసం పాట అందించడం అనే పాత పద్ధతి ఉంది. ఒక పాదం ముగుస్తుండగా తర్వాతి పాదంలోని మొదటి రెండు మాటలు నాయకుడు త్వరగా పలికి అందిస్తాడు. నేటి కుర్రవాళ్లకు ఇది మోటుగా అనిపిస్తుంది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మన చిన్నప్పటి నుంచి వింటున్నాం. కరవు కాలం అది. అక్షరం తెలియని పల్లెల్లో వాక్యం చెవి నుంచి చెవికే వెళ్లాలి. నాకు ఆ అందించే గొంతు అంటే ఇప్పటికీ గౌరవం.

స్క్రీన్ వాడితే ఒక్క జాగ్రత్త. తెలుగులో క్రియ చివర వస్తుంది. "నా కన్నీటిని నీ కవిలెలో" అని ఒక స్లైడు, "రాసుకున్నావు" అని ఇంకో స్లైడు పెడితే, మొదటి స్లైడు పాడేవాడికి తాను ఏమి పాడుతున్నాడో తెలియదు. వాక్యం మొత్తం ఒకే స్లైడులో ఉండాలి. స్లైడు మార్చే పిల్లవాడు చివరి మాట పూర్తికాకముందే మార్చాలి. ఆ పని సంగీతం తెలిసిన పిల్లవాడికే ఇవ్వండి, పని లేక వెనక కూర్చున్న వాడికి కాదు.

"సినిమా పాటలా ఉంది" అన్న పెద్దాయన సంగతి. ఆయనను తోసిపుచ్చకండి. ముందు నిజాయితీగా వినండి, ఆ రాగం నిజంగానే ఏదైనా సినిమా పాటను గుర్తుకు తెస్తోందా? తెస్తే ఆ పాటను వదిలేయండి. పాడుతున్నంత సేపు జనం మనసులో ఆ సినిమా మాటలే తిరుగుతాయి, మీరెంత భక్తిగా పాడినా లాభం లేదు. అలా కాకుండా డ్రమ్స్ దరువు వల్ల ఆయనకు అలా అనిపించి ఉంటే దారి ఉంది. మన పాత కీర్తనల పుస్తకం తీయండి, చాలా పాటల పైన రాగం, తాళం రాసి ఉంటాయి. మీ కొత్త పాట మేజర్ స్కేల్‌లో ఉంటే శంకరాభరణానికి దగ్గర. మైనర్ అయితే నఠభైరవికో, కీరవాణికో దగ్గర. ఐదు స్వరాలతోనే సాగితే మోహన కావచ్చు. ఆ రాగంలో పెద్దలకు కంఠతా వచ్చిన కీర్తన ఒకటి వెతికి ముందు అది పాడి, ఆపకుండా అదే శ్రుతిలో కొత్త పాట పల్లవిలోకి రండి. చెవి అప్పటికే ఆ రాగంలో కూర్చుని ఉంటుంది కనుక కొత్తది పరాయిదిగా తోచదు. నేను ఇది ఎన్నోసార్లు చేశాను, ఒక్కసారి మాత్రం ఘోరంగా విఫలమయ్యాను. కీర్తన మూడేసి దెబ్బల తిశ్ర నడకలో, కొత్త పాట నాలుగేసి దెబ్బల చతురశ్రంలో ఉంది. మధ్యలో తబలా అబ్బాయి దిక్కులు చూశాడు. నడక కూడా కలిసేలా చూసుకోండి.

ఆ పెద్దలకే ఇంకొక మాట చెప్పవచ్చు, వాదంగా కాదు, కబుర్లలో. మనం పాతవి అనుకునే కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి లాంటివారి కాలంలో అవి కూడా కొత్త పాటలే. ఆయన 1803లో పుట్టి 1890 వరకు జీవించారు. దేశీయ రాగతాళాల్లో క్రీస్తును పాడటం అప్పటికి కొత్త సంగతి.

"ఒకే లైను ఎన్నిసార్లు పాడతారు?" అన్నది పెద్దల రెండో ఫిర్యాదు, అది మీరు రాయలేదు కానీ వచ్చే ఉంటుంది. 136వ కీర్తనలో 26 వచనాలు, ఇరవై ఆరు చోట్లా చివర అదే మాట. కాబట్టి మళ్లీ మళ్లీ పాడటం తప్పు కాదు. అయితే అక్కడ ప్రతిసారీ ముందు ఒక కొత్త కారణం వస్తుంది: సృష్టి, ఎర్రసముద్రం, అరణ్యం, ఆహారం. కారణం కొత్తది లేకుండా అదే పాదాన్ని పదకొండోసారి ఎత్తుకుంటే జనం గడియారం చూస్తారు. నేను పల్లవిని మూడుసార్లకు మించి వరుసగా పాడించను, పాస్టర్ గారు సైగ చేస్తే తప్ప.

ఆ రోజు వేదిక మీద ఏం చేయాలో త్వరగా చెప్పేస్తాను. కళ్లు తెరిచి పాడించండి. మీరు కళ్లు మూసుకుంటే జనం ఎక్కడ ఆగిపోయారో మీకు తెలియదు. పాటకు పాటకు మధ్య ప్రసంగం చేయవద్దు, ఒక్క వాక్యం చాలు. "చేతులెత్తండి, గట్టిగా పాడండి, ఇంకా గట్టిగా" అని గద్దించవద్దు, పొలం పని చేసి వచ్చినవాళ్లు వాళ్లు. చప్పట్లు మొదలైతే వేగం పెరుగుతుంది, అది జగమెరిగిన సత్యం. ప్యాడ్స్ వాయించే అబ్బాయి జనాన్ని వెంబడించకుండా స్థిరంగా ఉండాలి. చివరి పల్లవిలో ఒకసారి వాద్యాలన్నీ ఆపించి, మీరు మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేయండి. అప్పుడు వినిపించేదే మీ సంఘం పాట. మొదట్లో గుండె దడదడలాడుతుంది. నాకు ఇప్పటికీ కాస్త ఉంటుంది.

మందిరం రేకుల కప్పు అయినా, స్లాబు అయినా ప్రతిధ్వని ఎక్కువే. మైకులో ఎకో పెట్టడం మన ఊళ్లలో ఒక వ్యామోహం. దాన్ని తగ్గించేస్తే మాటలు తెలుస్తాయి. కొత్త పాటకు మాట తెలియడమే ముఖ్యం.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడకండి. మీ పాట విజయం గురించినదైతే, ఆ వారం సంఘంలో ఏం జరిగిందో తెలుసుకుని పాడించండి. ఒక ఏడాది తుపానుకు రొయ్యల చెరువులు కొట్టుకుపోయిన వారం, మేము ముందే సిద్ధం చేసుకున్నాం కదా అని "నాకు ఓటమి లేదు" అన్న అర్థం వచ్చే పాటను హుషారుగా ఎత్తుకున్నాం. మూడో వరుసలో ఒకావిడ పెదవులు బిగించి నేల చూస్తూ నిలబడ్డారు. ఆవిడ భర్త చేసిన అప్పు ఎంతో ఊరందరికీ తెలుసు. పాట ఆపలేకపోయాను, కొనసాగించలేకపోయాను. కీర్తనల గ్రంథంలో 13వ కీర్తన "ఎంతకాలం" అని మొదలై పాటతో ముగుస్తుంది, 88వది చీకటితోనే ముగిసిపోతుంది. దేవుడు ఆ రెంటినీ తన పుస్తకంలో ఉంచాడు. మన కొత్త పాటల్లో 88వ కీర్తన లాంటివి చాలా తక్కువ, అందుకే ఆ లోటును ఆరాధన నడిపేవాళ్లే పూడ్చాలి. ఇప్పుడు మా జాబితాలో దుఃఖంలో పాడదగిన పాటలు ఆరేడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. శనివారం రాత్రి పాస్టర్ గారికి ఫోను చేసి, ఈ వారం ఎవరి ఇంట్లో ఏమి జరిగిందని అడిగాకే పాటలు ఖాయం చేస్తాను.

మీరు ఆరాధనను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపిస్తారని రాశారు. ఇతరుల పాట అయితే వాళ్ల హక్కుల ప్రశ్న వస్తుంది, వీడియో మీద క్లెయిమ్ పడవచ్చు. ముందే రాసి అనుమతి అడగండి.

మీ పాట పేరు నాకు అక్కరలేదు. అది ఏ స్కేల్‌లో ఉంది, అందులో అన్నిటికంటే పై స్వరం ఏది, ఏ మాట మీద వస్తుంది, ఈ మూడూ ఇక్కడ రాయండి. ఎన్ని మెట్లు దించాలో చెబుతాను. ఈ శుక్రవారం గృహ ప్రార్థనకు మాత్రం కీబోర్డు తీసుకెళ్లకండి.